గంట బాగయ్యేదాకా

పైకప్పుకి వేలాడే గంట మూగబోయింది.
నీళ్ళ మోటారు విప్పి, గోనెలో చుట్టి
రివైండింగుకి విజయనగరం పంపారు.
"అది తిరిగొచ్చేదాకా నువ్వే గంటవి, తవిటయ్యా"
అన్నాడు సూపర్వైజరు దాలినాయుడు.
పుట్టగానే దోసెడు తవుడికి అమ్మి మళ్ళీ కొన్న ప్రాణం నాది,
గంట అనిపించుకోవడం ఇదే మొదలు.

ఒక టార్చి, ఒక విజిలు, దారం కట్టిన పెన్ను,
గళ్ళు గీసిన పుస్తకం.
అరగంటకోసారి జనుము గోడౌను చుట్టి రావాలి,
టైము రాయాలి, చూసింది రాయాలి, సంతకం పెట్టాలి.
వేరే పని ఎవరు చెప్పినా చెయ్యకూడదు,
లారీకి తాడు పట్టమన్నా సరే, టీ తెమ్మన్నా సరే.
బీడీకట్ట గేటు దగ్గర ఒప్పజెప్పాను.
మొదటి రాత్రి అదే కష్టం.

జనుము సంగతి నాకు తెలుసు.
పైకి చల్లగా, పెద్దమనిషిలా కూచుంటుంది,
లోపల మూడ్రోజుల్నుంచీ ఉడుకుతుంటుంది.
అందుకే బేలు బేలుకీ
అరచెయ్యి కాదు, చెయ్యి తిరగేసి ఆనించి చూస్తాను,
జ్వరమొచ్చిన గుంటడి నుదురు చూసినట్టు.

మూడో రాత్రి, రేకులకి వెల్డింగు చేసిన కుర్రాళ్ళు
సామాను సర్దుకుని బొబ్బిలి బస్సెక్కారు.
వాళ్ళ పని అయింది. నాది అప్పుడు మొదలు.
నిప్పురవ్వ దొంగ, జనం పోయాకే కదుల్తుంది.
గంటసేపు అక్కడే నిల్చున్నాను,
ఎలక కదిలినా టార్చి వేస్తూ.

వెనక తలుపు గడియ తుప్పు పట్టింది,
దానికి అడ్డంగా ఎవరిదో పాత సైకిలు.
సైకిలు తీసి, గడియకి ఆముదం రాసి,
ఆ సంగతి గడి చాలక అంచున రాశాను.

మా పేటలో పాకలు కాలిన ఏడు
నలభై ఇళ్ళూ నిద్రలోనే ఉన్నాయి.
మెలకువగా ఉన్నది ఒక్క కుక్క.
అది మొరిగితే మా అయ్య రాయి విసిరాడు.
ఈ మాట పుస్తకంలో రాయలేదు.

పన్నెండు రాత్రులు.
ఒకటిన్నర: ఏమీ లేదు. రెండు: ఏమీ లేదు.
రెండున్నర: పిల్లి.
మూడు: ఏమీ లేదు.
మేనేజరు పేజీలన్నీ తిప్పి
"ఇంతేనా?" అన్నాడు.
ఇంతేనండి.

మోటారు ఆటోలో వచ్చింది. గంట మోగింది,
అందరూ చెవులు మూసుకున్నారు.
నా బీడీకట్ట నాకిచ్చారు.

ఇంటికాడ ఇప్పటికీ రెండున్నరకి లేస్తాను.
పొయ్యిలో బూడిద మీద చెయ్యి తిరగేసి పెడతాను.
"ఏటయిందీ?" అంటాది ఈరమ్మ, కళ్ళు తెరవకుండా.
"ఏటీ నేదు."
"మరి పడుకో."