నలభై మూడో రోజు

ఉండి వంతెన దిగాక కండక్టర్ సత్యవేణి గారు
చెయ్యి చాపకుండానే నన్ను దాటి వెళ్ళిపోయింది.
మూడేళ్ళుగా అంతే,
నా మొహమే నా పాసు.
"టిక్కెట్టండీ" అని నేనే పిలవాల్సొచ్చింది.
"ఏం, అయిపోయిందా కాలేజీ?"
అడుగుతూనే మిషను నొక్కింది.
ఆ కాగితం ముక్క
చెమట చేతిలో అంకెలు పోగొట్టుకుంటూ...
జీతం కంటే ముందొచ్చిన రసీదు.

గట్టు మీద ఏసుపాదం గారు
ఓ సంచీ నా భుజానికి తగిలించారు.
"మీటరు జాగ్రత్తమ్మా, నీ మూడు నెలల జీతం అది."

ల్యాబులో ఇలాంటి మీటరు ఒక్కటే ఉండేది,
బెంచీకి ఏడుగురం.
హేమసుధ చదివేది, నేను రాసేదాన్ని,
మిగతా ఐదుగురూ నా పుస్తకం చూసి రాసేవాళ్ళు.
తప్పొస్తే ఏడుగురికీ ఒకే ఎర్రగీత,
ఏడుగురం కలిసి నవ్వుకునేవాళ్ళం.

ఇక్కడ గీత గీసేవాళ్ళు లేరు.
నీళ్ళల్లో ప్రాణవాయువు మూడుంటే
నేను ఆరని రాస్తే
తెల్లారేసరికి రొయ్యలు
గట్టువార మూతులు పైకెత్తి ఉంటాయి.

మొదటి వారమంతా ఒంటిగంటకి
చెవులు గంట కోసం చూసేవి.
ఏరేటర్లు తిరుగుతూనే ఉండేవి.
క్యారేజీ విప్పితే
నా కూరలోకి చెయ్యి పెట్టేవాళ్ళు లేక
వంకాయ చివరిదాకా నాకే మిగిలేది.
"బెంచీ నాలుగు" గ్రూపులో ఆఖరి మాట
ఎవరిదో పుట్టినరోజు,
దానికి రెండు బొటనవేళ్ళు.

మూడో నంబరు చెరువూ నేనూ ఒకేరోజు మొదలయ్యాం.
అందులో పిల్ల వదులుతుంటే
నేను రిజిస్టరులో మొదటి గీత కొట్టాను.
చెరువు వయసు ఆ రోజునుంచే లెక్క.
నా వయసు కూడా అక్కణ్ణుంచే లెక్కెడుతున్నానని
ఎవరికీ చెప్పలేదు.

నలభై రెండో రోజు, అమావాస్య ముందు సాయంత్రం,
పెనుమత్స వరాహరాజు గారు, మా తాతంత మనిషి,
"మేడం గారూ, మేత తగ్గించమంటారా?" అన్నారు.
వెనక్కి తిరిగి చూశాను.
వెనకాల ఓ కొంగ ఉంది.
"సార్నడిగి చెప్తానండి."
"సార్ని నేనూ అడగ్గలను.
ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను."

చెక్ ట్రే తాడు పట్టి లాగాను.
మేత సగం అలాగే ఉంది.
నాలుగైదు పెంకులు,
లోపల ఎవరూ లేనివి,
మీసాలతో సహా.

కుబుసం గురించి పరీక్షలో రాశాను.
బొమ్మతో ఐదు మార్కులు, నాకు నాలుగున్నర.
పాతది విడిచాక, కొత్తది గట్టిపడేలోపు
అడుగు మట్టిలో ఒత్తిగిలి
మేత కూడా ముట్టదనీ,
ఆ కాసేపట్లో పక్కదే దాన్ని కొరికేస్తుందనీ
ఎందుకో రాయలేదు.

"తగ్గించండి" అన్నాను.
గొంతు ఎవరిదో.
"ఎంత?"
"ముప్పావు వంతు వెయ్యండి, రెండ్రోజులు."
ఆయన తలూపి, సైకిలెక్కి,
నా మాటని క్యారియరు మీద కట్టుకున్నట్టే వెళ్ళిపోయారు.

రాత్రి రెండింటికి మెలకువొచ్చింది.
మార్చి కాదు, రేపు పరీక్షేం లేదు.
పుస్తకం తీసి చూద్దామంటే
ఏ పేజీ తియ్యాలి?
ముప్పావు సరైనదేనా?
అమ్మ నిద్రలోనే "నీళ్ళు తాగి పడుకో" అంది.
తాగాను. పడుకోలేదు.

నలభై మూడో రోజు పొద్దున్న
మొదటి బస్సులో కిటికీ పక్కన కూర్చుని
దార్లో ప్రతి చెరువునీ
బిక్కుబిక్కుమంటూ చూసుకుంటూ వెళ్ళాను.

ట్రే లేపితే మేత లేదు.
ఒక రొయ్యని వేళ్ళ మధ్య మెల్లిగా నొక్కి చూశాను.
ఇంకా కొంచెం మెత్తగానే ఉంది.
చటుక్కున ఎగిరి నీళ్ళల్లో పడింది.

మీటరు నాలుగూ పాయింటు రెండు.
నాలుగూ పాయింటు రెండే రాశాను.

"చూసినవారు" అన్న గడిలో
తాడి వీర వెంకట నాగ ప్రసూన పట్టలేదు.
సర్టిఫికెట్టులో పట్టిన పేరే.
"పొట్టిది నేర్చుకోమ్మా" అన్నారు ఏసుపాదం గారు,
"రోజుకి పదకొండు సంతకాలు."

ప్రసూన అని ఒక్కటే రాసి
సిరా ఆరేదాకా ఊదుతూ నిలబడ్డాను.
నాలుగో నంబరు రాజుగారు
అవతలి గట్టు నుంచి చెయ్యూపుతున్నారు.