దిండు పలచనైంది ఎందుకంటే

కూర్చో సుంకమ్మా,
ఆ నాపరాయి మీద కాదు, కాలుతుంది,
ఈ గోనెపట్టా మీద.
దిండు చేతిలోకి తీసుకుని
రెండుసార్లు నొక్కి
నా మొగం చూసినావు.
దొంగతనం చేసినానని నువ్వనలేదు,
నొక్కిన వేళ్లన్నాయి.

నిజమే. పోయినేడు రెండు శేర్లు కూరినా,
ఈయేడు శేరున్నర.
దుడ్లు మాత్రం అవే అడుగుతున్నా.
బేతంచెర్ల బస్సు మూడున్నరకు కదా,
విను.

ఇది చేనులో పండే పత్తి కాదు.
పత్తికి మందుంది, అప్పుంది.
బూరుగకు రాత్రి తప్ప ఎవురున్నారు?
పుష్యంలో ఆకంతా రాల్చుకుని
ఒట్టి ఒంటితో నిలబడి
పొద్దు గూకినాక పూస్తుంది.
పులిసిన పాల వాసన.
తెల్లారి తేనెటీగకు దక్కేది ఎంగిలే,
ఆ పూత గబ్బిలాయిల కోసం.
మా అబ్బ హుసేనప్ప, కండ్లు పోయినాక,
చెట్టు కింద మంచం వేయించుకుని
రెక్కల చప్పుడు లెక్కపెట్టేవాడు.
"ఈ రాత్రికి నలభై దిండ్లొచ్చినాయి"
అనేవాడు, నిద్రలో నవ్వుతా.

పోయినేడు రోణి కార్తె.
పాలిష్ ఫ్యాక్టరీలో మిషన్లు ఆపేసినారు,
రాయి పట్టుకుంటే తోలు అంటుకుంటోందని.
బుగ్గ కాడ మద్దిచెట్లకు వేలాడేవి
ముందు రెక్కలతో విసురుకున్నాయి,
కరెంటు పోయినప్పుడు మనం
అట్టముక్కలతో విసురుకున్నట్టే.
తర్వాత ఒళ్లంతా నాక్కున్నాయి.
తర్వాత కొమ్మలు వదిలి మొదలుకు దిగి,
నీడ కోసం, ఒకదానిమీదొకటి.
మూడో దినం మధ్యాన్నం
ఒకటి పడింది,
మామిడికాయ పడినట్టు.
ఆ తర్వాత లెక్క లేదు.

బుగ్గలో నీళ్లుంటే బతికేవేమో.
ఎగురుతా వచ్చి రొమ్ము నీళ్లకు తాకించి
కొమ్మ మీదికి పోయి ఆ తడి నాక్కుంటాయి,
అట్లా తాగడమే వాటికి తెలుసు.
బుగ్గేమో బురదై, బురద పెచ్చు కట్టింది.
ఆ బురదే అంటించుకున్నాయి,
ఆ బురదే నాక్కున్నాయి.

చేతికి గుడ్డ చుట్టుకుని
దూది సంచి తీసుకుని పోయినా.
"తాకొద్దు కాశింబీ, రోగాలు"
అన్నారు పంచాయితీవాళ్లు, ముక్కులు కట్టుకుని.
చీపుర్లతో ఊడ్చినారు.
రెండు ట్రాక్టర్లు.
ఒక తల్లి రొమ్ముకు పిల్ల,
గోళ్లతో గట్టిగా పట్టుకుని.
విడదీయడం నాకు చేతకాలేదు.
ఇద్దరినీ తడిగుడ్డలో చుట్టినా.
మాపటికి గుడ్డ ఆరిపోయింది.
అంతే చెప్తా.

ఈయేడు చలి ఏదీ?
పుష్యం దాకా ఆగలేదు చెట్టు,
కార్తీకం చివర్లోనే పూసేసింది.
మిగిలిన నాలుగు గబ్బిలాయిలు
ఏ నీళ్ల కాడున్నాయో, వాటికెవరు చెప్పాల
పూత ముందొచ్చిందని?
పొద్దున చూస్తే పూలన్నీ నేలమీద,
ఎవురూ కూర్చోని పెండ్లి విస్తర్ల మాదిరి.
ఎనుములు తిన్నాయి.
నాలుగు నూర్లు కాసే మాను
ముప్పై ఆరు కాసింది.
ఒకటికి రెండుమార్లు లెక్కపెట్టినా,
అబ్బ మాదిరి కండ్లు మూసుకుని కూడా.

కొండ మీదా అంతేనంట.
మేకల ఓబులేసు చెప్పినాడు,
రాళ్ల సందుల్లో మేడి మొలకలు కనపడలేదని.
పండు తిని ఎగురుతా గింజలు విదిల్చేటివి అవేనాయె.
రాయి తవ్వేటోళ్లకు
చెట్టు నాటే తీరికుంటుందా?

స్పాంజి దిండ్లు బండి మీదొస్తున్నాయి,
కొనుక్కో, వద్దనను.
ఇదైతే పది రూపాయలు తగ్గిస్తా,
అంతకు మించి నా వల్ల కాదు.
తల కింద గట్టిగా తగిలితే
కుట్టు అనుకునేవు, కుట్టు కాదు, గింజ.
రెండు ఏరకుండా వదిలేసినా,
కావాలనే.
దిండు చినిగినప్పుడు ఊరికే పారేయొద్దు.

పో పో, హారన్ కొడుతున్నాడు.
చిల్లర మళ్లీ వచ్చినప్పుడిద్దువులే.