సోడా మూతలు

బెత్తాన్ని నేను పారెయ్యలేదు,
ఉన్నమాట చెప్పాలిగా.
బీరువా వెనక్కి తోశాను.
చేతికి అందదు, కంటికి మాత్రం ఆనుతుంది.

నామ్ లోల్వే సరస్సు గట్టున మా బడి.
కిటికీలోంచి చూస్తే నీళ్లకంటే గుర్రపుడెక్కే ఎక్కువ.
ఇసుక మీద ఎండబెట్టిన ఒమేనా చేపల వాసన
హాజరుపట్టీలో లేకపోయినా రోజూ వచ్చే విద్యార్థి.
పట్టీలో ఉన్నవాళ్లు అరవై ఇద్దరు.
అరవై ఒక్కరు ఒక ఎత్తు, ఒబురా ఒక్కడూ ఒక ఎత్తు.

ఒబురా, కూర్చో.
ఒబురా, ఆ పిల్ల కాలరు వదులు.
ఒబురా! ఒబురా!
ఒకరోజు బల్ల అంచున సుద్దగీతలు గీస్తూ పోయాను.
గంజి గంట కొట్టేలోపు ముప్పై నాలుగు పిలుపులు.
మంచికి పిలిచింది ఒక్కటీ లేదు.
వాడి పేరే వాడికి మొట్టికాయ.

కిసుము శిక్షణలో ఓ సన్నపాటి ఆవిడ చెప్పింది:
"తప్పు చేస్తుంటే ఎవరైనా పట్టుకుంటారు.
ఒప్పు చేస్తుండగా పట్టుకోండి.
వెంటనే. పేరు పెట్టి. ఏం చేశాడో చెప్పి."
నవ్వుకున్నాను.
వాళ్లు పెట్టిన సమోసాలు రెండూ తిని బస్సెక్కాను.

బారు వాకిట్లో ఏరిన సోడా మూతలు ఓ సంచెడు,
ఖాళీ వనస్పతి డబ్బా ఒకటి.
ఇరవై మూతలు పోగైతే పది నిమిషాలు బంతాట.
రెండు రోజులు కొంగలా కాచుకున్నాను,
చేప పడలేదు.
మూడోనాడు గంజి వరసలో
అకెల్లో వీపు మీదికి లేచిన ఒబురా చెయ్యి
దారిలో ఏమనుకుందో
వెనక్కొచ్చి సొంత తల గోక్కుంది.
"ఒబురా, తోయకుండా ఆగావు. చూశాను."
ఖణేల్.
వాడు వెనక్కి తిరిగి చూశాడు,
ఇంకో ఒబురా ఉన్నాడేమోనని.

హెడ్మాస్టరు వసొంగా గారికి నచ్చలేదు.
"పిల్లల్ని కొంటున్నావా, చిల్లర పెట్టి?"
జవాబు ఆ రాత్రి దోమతెరలో తట్టింది,
నెలాఖరుకి జీతం కోసం వరసలో నిలబడే మనిషి అడిగాడే అని.
కానీ మాట ములుకులా దిగింది.
ఎందుకంటే అపియో
తను పడేసిన కాగితమే తను ఏరుతోంది,
నేను చూస్తున్నానా లేదా అని ఓరగా చూస్తూ.

ఆ తర్వాత సోమవారం
ఒబురా చొక్కా ఒడిలోంచి
గలగలమని నలభై ఒక్క మూతలు నా బల్ల మీద.
బారు దగ్గరివే, అంచులు వంగినవి.
"దొంగ! దొంగ!" క్లాసంతా లేచింది.
నా కళ్లు బీరువా వెనక్కి వెళ్లాయి.
దాచను,
కాలు కూడా ఒక అడుగు వేసింది.

"ఇవెందుకు?"

వాడు ఒక్కోటీ వేలితో జరిపాడు.
"ఇది చెల్లిని చంకనేసుకుని తిప్పినందుకు.
ఇది అమ్మ పడుకుంటే రేడియో ఆపినందుకు.
ఇది నాన్న తెడ్డు విసిరేసినప్పుడు ఏడవనందుకు.
ఇది కూడా దానికే.
ఇది కూడా.
అక్కడెవరూ డబ్బాలో వెయ్యరు టీచర్.
అందుకని నేనే వేసుకున్నా."

ఆ రోజు తీసివేతలు చెప్పలేదు.
నలభై ఒక్కటీ వేశాం,
ఒక్కోదానికి వాడు కారణం చెప్తే
నేను పేరు పెట్టి పలికి, ఖణేల్, ఖణేల్.
పదిహేనో మూత దగ్గర క్లాసు సద్దుమణిగింది.
ముప్పయ్యో మూత దగ్గర వసొంగా గారు గుమ్మంలోకి వచ్చి,
కాసేపు నిలబడి,
కళ్లద్దాలు తుడుచుకుంటూ వెళ్లిపోయారు.
ఎండ అంతగా ఉంది మరి.

వాడేం మారిపోలేదు.
మొన్ననే ఒకడి చెవి కొరికాడు.
డబ్బా నిండి చాలా రోజులైంది.
ఖాళీ చెయ్యమని ఎవరూ అడగరు, నేనూ మర్చిపోతాను.
బెత్తం ఇప్పుడు విరిగిన కిటికీ రెక్కకి ఊతం.

ఇవాళ పొద్దున హాజరు.
"ఒబురా."
"వచ్చాను టీచర్" అంటూ
నిజంగానే రెండడుగులు ముందుకొచ్చాడు.