పొట్ట నెక్కు

ముప్పై రెండు మిల్లీమీటర్లు.
నా టేపు మీద నేను అంగుళాలే చూస్తుంటి.
నర్సమ్మ ఇచ్చిన అట్టముక్క మీద
గుండ్రాలు, చిన్నదానెనుక పెద్దది.
అండ్ల నాది ఆరోది.

ఇరవై రెండేండ్ల సంది దేవరకొండల
మెడలు కత్తిరిస్తున్న.
బోట్ నెక్కు, పలక మెడ, పాట్ నెక్కు.
ఇప్పుడు ఐదు రోజులకొకసారి
ఖిల్లా దిక్కు కిటికీ గూడ మూసి
నాకు నేనే పొట్ట నెక్కు కత్తిరించుకుంటున్న.
ఈ ముచ్చట ఒక్క సాలమ్మకే చెప్పిన.
నవ్వింది. నవ్వి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

ఆపరేషనుకు పైస కాలేదు.
కార్డు చూపిస్తే కోసిన్రు, కుట్టిన్రు,
పొట్ట మీద ఎర్రగ ఒక నోరు పెట్టి పంపిన్రు.
ఆ నోటికి కట్టే సంచి మాత్రం
కార్డుల లేదంట.
ఇక్కడి మెడికల్ షాపాయన ఫోన్ల ఫోటో తిప్పి తిప్పి చూసి
తెప్పిస్త, ముందు పైసలియ్యి అన్నడు.
కోఠిలనైతే పది సంచుల డబ్బ రెండువేల ఎనిమిదొందలు.
పౌడరు వేరే. పేస్టు వేరే.
బస్సుల ఆడోళ్లకు టికెట్ లేదు,
మాల్ దాటినంక సంచి పొంగితే
దిగనీకె జాగ గూడ లేదు.

మా ఆయన లారీ మీదుంటడు.
నాగ్‌పూర్ కాన్నుంచి ఫోన్ చేసి
ఈ సంచి ఖర్చు ఇంకెన్ని నెలలు అన్నడు.
నేనున్నన్ని, అన్న.
ఆ పక్క హారన్లు ఇనబడ్డయి చానా సేపు.

కొలతల బుక్కు ఎనక పేజీ నుంచి రాస్తున్న.
ముందట: పద్మ, ఛాతి ముప్పై ఆరు, చెయ్యి పది.
ఎనక: సంచి, సోమవారం. సంచి, శనివారం.
సంచి, ఆదివారం, కారింది.
సంచికి రెండు జాకెట్లు,
లైనింగుదైతే ఒకటి.
ఆషాఢంల ముందటి పేజీలు ఆగిపోయినయి,
ఎనకటియి నడుస్తనే ఉన్నయి.

అన్ని తీర్ల చూసిన.
కడిగి ఆరేసిన, దండెం మీద తువ్వాల కింద.
రెయిన్‌కోటు గుడ్డ తెచ్చి నేనే కుట్టిన,
రెండు వరసల కుట్టు, మీద మైనం.
నేను కుట్టింది పిగిలిందని
ఇరవై రెండేండ్లల్ల ఒక్కరనలే.
అది రేషన్ దుకాణం లైన్ల పిగిలింది.

నెలాఖరుకు ఒక్కటే మిగిలినంక
తినుడు తగ్గిస్త.
లోపలికి పోకుంటే బయటికి రాదు గద.
శనివారం ఒక్కపొద్దా అక్కా, అంటరు జాకెట్లకొచ్చినోళ్లు.
ఔనంట.
మిషను పక్కన అగరొత్తి ముట్టిస్త.
ఎంత భక్తి, అంటరు.
అది దేవునికి కాదు.

మొన్న ముత్యాలు పోయిండు.
బత్తాయి తోటలల్ల కాయ మోసిన మనిషి,
సాలమ్మ పెనిమిటి.
నాకన్న ఆర్నెల్ల ముందు అదే దవాఖాన, అదే కోత.
దినాలైన తెల్లారి సాలమ్మ వచ్చింది,
చంకల పాత చీరముక్క మూట.
పారెయ్య పానం ఒప్పలే అక్కా, అంది.

ఎనిమిది.
ఏడింటికి కవరు గూడ చింపలే.
ఏడైదులు ముప్పై ఐదు
ఆమె ఇంకా గడప కాడనే ఉంది
నేను లోపల లెక్క కట్టేసిన.
ఒక నెల మీద ఐదు రోజులు.
కూసో అన్న. ఛాయ్ పెట్టిన.
చక్కెర రెండు సార్లేసిన.

ఎనిమిదోది కత్తిరించి ఉంది.
మందు పాకెట్లు కోసే కత్తెరతోటి
సాలమ్మే కత్తిరించినట్టుంది, అంచు గరుకు,
నలభై ఉంటది.
నేను పెట్టుకుంటే చుట్టూ చర్మం పుండైతది.
పారెయ్యలే.
మిషను సొరుగుల, బాబిన్ల పక్కన పెట్టిన.

అప్పుడప్పుడు తీసి చూస్త.
గుడ్డైతే
టక్కులేసి చిన్నగ చేస్తుంటి.