ఇరవైనాలుగు కిలోల చోటు

పురువేసి సరస్సులో మంచు కరిగి పదకొండు రోజులు.
పాత పెట్రోలు మోటారు ఇక దగ్గను కూడా దగ్గదు.
కొత్తది కరెంటుది, చప్పుడు లేనిది.
దాని తిండి రెండు నల్లటి పెట్టెల్లో వస్తుందట,
ఒక్కొక్కటి ఇరవైనాలుగు కిలోలు.

ఎక్కడ పెట్టాలి?

అమరంలో, అన్నాడు తైస్తో.
మోటారు పక్కనే. తీగ పొట్టిదైతే ఖర్చూ పొట్టిదే.
నిజమే. కానీ ఆయనా అక్కడే కూర్చుంటాడు,
తొంభై ఆరు కిలోలు.
పడవ ముక్కెగరేసి
చుక్కలు లెక్కపెట్టుకుంటూ వెల్లకిలా నడుస్తుంది.

అణియంలో, అన్నాడు పొరుగింటి ఎన్సియో,
గట్టు మీద నుంచే.
గట్టు మీది సలహాకి తడి అంటదు.
ముందు బరువెక్కితే ప్రతి అలా చుట్టమే,
చెప్పులు విప్పకుండా లోపలికొస్తుంది.

నేనేం మాట్లాడలేదు.
నేలమాళిగలోంచి బంగాళాదుంపలు మోసుకొచ్చాను,
తూచి, రెండు గోతాలకెత్తి, మూతి కట్టి.
పడవ పక్కల మీద సుద్దముక్కతో గీత గీశాను.
గోతాలు వెనక: అక్కడ గీత మునిగింది.
గోతాలు ముందు: ఇక్కడ మునిగింది.
టిక్కెట్టు కొన్నవాడిలా ఎన్సియో పైపు వెలిగించాడు.
మధ్య బల్ల కింద పక్కపక్కన పెట్టాక
పడవ ఒక్కసారి ఊగి, ఊరుకుంది.

"అయిపోయింది కదా హిల్కా," అన్నాడు తైస్తో.

అవలేదు.
వెళ్ళే పడవ వేరు, వచ్చే పడవ వేరు.
వేలెడంత వెండి ముయిక్కు చేపలు
నాలుగు డబ్బాలు నిండితే
అవి పడుకునేది ఆ మధ్యలోనే.
ముప్పై ఒక్క ఏళ్ళుగా అక్కడే పెడుతున్నాను.
ఆయన చూపెప్పుడూ దూరపు బోయా మీదే.

మళ్ళీ గోతాలు దించి, ఎక్కించి,
డబ్బాల్లో నీళ్ళు నింపి,
మధ్యాహ్నం కాఫీ మర్చిపోయి.

బల్ల కిందే, సరే.
తీగ రెండు మీటర్లు పెరిగింది, లావూ పెరిగింది;
సన్నదైతే దారిలోనే వేడెక్కి సత్తువ పారబోస్తుంది.
మూతకి చిల్లులు, లోపలి గాలి పోవడానికి.
పట్టీ బిగుతుగా ఉండాలి,
కానీ తడిసిన చేతితొడుగుతో, చీకట్లో,
చూడకుండా విప్పగలగాలి.

శుక్రవారం బ్యాటరీలొచ్చాయి. వాటి చోటు వాటికుంది.
జరిగింది మేమే.
డబ్బాల కోసం నేను జానెడు వెనక్కి,
అమరం తేలడానికి ఆయన బెత్తెడు ముందుకి.
ఇన్నేళ్ళూ తగలని మోకాళ్ళు
ఇప్పుడు మలుపు తిరిగినప్పుడల్లా తగులుతున్నాయి.
ఇద్దరం క్షమించమనడం మానేశాం.

దుంపలు తడిశాయి, నిలవుండవు.
వారమంతా అవే తిన్నాం.
ఎన్సియోకి కూడా ఒక గిన్నె పంపాను,
సలహాకి.