తోట గడి

ముందు ఫ్యాను ఆపెయ్యాలి.
గిరింపేటలో, మోటారు వైండింగు కొట్టు మీది గదిలో,
మధ్యాహ్నం మూడింటికి, ఈ ఎండల్లో
ఫ్యాను ఆపుకొని కూర్చునేవాళ్ళం
చిత్తూరు మొత్తానికి మేమిద్దరమే.
వేస్తే, ఒక్క తిప్పుకే
ఫ్రెంచి సైన్యం లేచి మంచం కిందికి పోతుంది.

అట్టముక్కలు. చిటికెన వేలి గోరంత.
ఒక్కో ముక్క మీద రెండంకెలు:
ఎంత కొడతాడు, ఎంత నడుస్తాడు.
మదరాసులో పాత పుస్తకాలాయన దగ్గర
మూడొందలకు బేరమాడి తెచ్చిన పెట్టె.
అప్పటికే చెంగల్రాయులి వైపు
ఏడుగురు గుర్రపువాళ్ళు లేరు.
వాళ్ళకు బదులు చింతగింజలు పెట్టి
సున్నంతో అంకెలు రాసుకున్నాడు.
నా నెపోలియన్ని వాడి మనవరాలు నమిలేసింది,
అప్పట్నించీ చక్రవర్తి ఒక చొక్కా గుండీ.

పటం నిండా తేనెపట్టు గళ్ళు.
ముందు రోజు రాత్రి వాన కురిసినట్టు లెక్క.
ఫిరంగి బురదలోంచి కదలాలంటే
పాచికలో నాలుగుకు పైన పడాలి.
వీధిలో ట్యాంకరు కోసం బిందెలు కొట్టుకుంటున్నాయి.
"మనకు పడని వాన వీళ్ళకెట్ల పడిందిరా?"
పదేళ్ళుగా అదే మాట. పదేళ్ళుగా నవ్వుతాను.

వాడి కుడిచేతి వైపు ఒక కోటలాంటి ఇల్లు,
చుట్టూ గోడ, పక్కన తోట.
పటంలో అదంతా ఒకే ఒక్క పచ్చగడి.
లోపలికి దిగాలంటే రెండడుగులు ఖర్చు.
అంతే రాశారు నిబంధనల్లో.

నేను సర్వేయర్ని.
పచ్చగడికి ఎన్నడుగులు ఖర్చో రాయడం నా ఉద్యోగం కూడా.
పోయిన మాఘంలో, గుడిపాల అవతల
కొత్త రోడ్డుకు రాళ్ళు నాటుతుంటే
నలభై రెండో రాయి
చెంగల్రాయులి తోటలో, మూడో సాలు నడుమ పడింది.
పడింది అంటున్నాను. నాటాను.
అన్నీ బెంగళూరా మామిళ్ళు.
బెంగళూరు రోడ్డుకు బెంగళూరా చెట్లే అడ్డమా అని
ఆఫీసులో ఎవడో జోకేస్తే
నేనూ నవ్వాను. అది వాడికి చెప్పలేదు.

నాలుగు నెలలు రాలేదు మనిషి.
ఈ ఆదివారం వచ్చాడు, పెట్టె చంకలో పెట్టుకొని.
మంచినీళ్ళు తాగాడు. ఫ్యాను వాడే ఆపాడు.

ఈ ఆట ఆడినట్టు ఎప్పుడూ ఆడలేదు.
గుట్ట మీది దండునంతా దించి తోటలో కుక్కాడు,
ఏడు చింతగింజలనూ గోడ వెనక్కి తెచ్చాడు.
"గుట్ట పోతాండాదిరా" అన్నాను.
"పోనీ."
"ప్రష్యావాళ్ళు వచ్చేదానికి ఇంకా మూడు వంతులుండాది, నడుమ ఖాళీ."
"నీ పాచిక నువ్వెయ్యి సామీ."

వేశాను. గుట్ట నాది. రోడ్డు నాది. యుద్ధం నాది.
పదేళ్ళలో మొదటిసారి గెలిచాను.
తోటలోకి మాత్రం ఐదుసార్లు పోయి ఐదుసార్లూ తిరిగొచ్చాను.

చెమట పటం మీద పడకుండా
తువ్వాలు మెడకు చుట్టుకొని అడిగాడు,
"ఆ తోటలో ఏం చెట్లురా?"
తెలీదన్నాను. ఆపిల్ ఏమో.
"ఈ యుద్ధం జూన్ నెలలో గదా?"
ఊఁ అన్నాను.
"మనకు కాయ దించే నెల.
వాళ్ళకూ కాపు మీదే ఉండుంటాయి."
ఆ తర్వాత చాలాసేపు
కింద కొట్లో రాగి తీగ చుట్టే మిషను చప్పుడు.

చెప్పాల్సింది ఉంది నాకు. లేచాను.
చెప్పలేక, అలవాటు తప్పి, ఫ్యాను స్విచ్చి వేశాను.
గెలిచిన సైన్యం గెలిచినట్టే గాల్లోకి లేచింది.
పచ్చగడిలో చింతగింజలు ఏడూ
ఉన్నచోటే ఉన్నాయి.

వాడు మంచం కింద దూరి
నా వాళ్ళను ఒక్కొక్కర్నీ ఏరి, దుమ్ము ఊది,
అరచేతిలో పెడుతున్నాడు.
"గుండీ దొరకలా" అంటున్నాడు లోపల్నించి,
"నువ్వు ఆ పక్క ఎతుకు."