రెండు టిక్కులు

చండూరు సెంటర్ల పొద్దుగాల ఆరు.
నా పంపు స్టవ్వు ఇంకా గొంతు సవరించుకోలే,
ఈదయ్య వచ్చి బల్ల అంచున కూసుంటడు.
కూసుండుడంటే, నడుము వంగదు గద,
ఆనుకుంటడు.
"వజ్రమ్మా, సక్కెర లేకుండ."
రోజూ చెప్తడు. నాకు తెల్వదా?

అంగి జేబులకెల్లి అగ్గిపెట్టంత తెల్ల డబ్బీ.
బొటనవేలుతోని ఒత్తుతడు:
టిక్కు. టిక్కు.
జొన్నగింజ కంటె చిన్నయి రెండు
చాయల పడి, ఇంత నురుగు లేపి, మాయమైతయి.

అప్పుడడుగుతడు, గ్లాసులకు చూసుకుంట:
"ఇది మంచిదేనా?"

మెడికల్ షాపు నవాజ్ మంచిదే అంటడు.
వాడు అమ్మేటోడు.
పేపర్ల చెడ్డదని పడ్డది.
అంతకు ముందు అదే పేపర్ల ఏం గాదని పడ్డది.
మా ఆడబిడ్డ పుట్నాలు నములుకుంట
"కల్లు కాంపౌండ్ల సాక్రిన్ కలిపితె లొట్టలేసుకుంట తాగిన్రు,
డబ్బీల పోసి అమ్మితె భయమైతుందా" అన్నది.
ఈదయ్య నవ్వలే.
నవ్వితె మెడ గుంజుతది.

ఆయన భయం నాకెరుక.
వాళ్ళ ఊర్ల బోరు పడ్డ దినం
దోసిట్ల పట్టి మొదలు తాగింది ఈ పోరడే.
"తియ్యగున్నయి!" అని ఊరంత ఇనేటట్టు ఎగిరిండు.
ఎగిరిన కాళ్ళు ఇవే.
కొడవండ్ల లెక్క బయటికి ఒంగినయి.
పండ్ల మీద తుప్పు గీతలు.
ఆ నీళ్ళకు రంగు లేకుండె, వాసన లేకుండె.
ఇప్పుడు నల్లాల కృష్ణ నీళ్ళొస్తున్నయి,
ఆ ముచ్చట బొక్కలకు ఎవరూ చెప్పలే.

మొన్న సర్కారు దవాఖానల డాక్టరమ్మ
కాయితం మీద లెక్క గట్టిందంట:
ఒంటి బరువును బట్టి కిలోకు ఇంత,
దినానికి ఇంత దాటొద్దు,
నువ్వు తినేది అందుల పిసరంత.
"నీ బరువెంత, తాతా?"
దవాఖాన మిషన్ మీద నిటారుగ నిలవడలేకపాయె.

గందుకే జిన్నింగు మిల్లు కాంటా.
పత్తి బోరెం దించి ఈదయ్యను కూసుండవెట్టిన్రు.
నలబై మూడు.
"తేమ కోత ఎంతేస్తరు?" అన్నడంట,
హమాలోళ్ళు పొట్ట పట్టుకొని నవ్విన్రంట.

"మరి లెక్క తేలింది గద" అన్న.
"తేలింది.
బోరు నీళ్ళకు గూడ లెక్కుంటదట, వజ్రమ్మా,
లీటరుకు ఇంత అని.
మాకు చెప్పేసరికి నాకు నలబై ఏండ్లు."

నేనేం చెప్త? నాకొచ్చిన చదువు
పావుకిలో పత్తికి ఎన్ని చాయలైతయి అనేటంత.
డాక్టరమ్మ అబద్ధం చెప్తదనుకోను.
ఈదయ్య ఉత్తగనే భయపడతడనుకోను.

ఇయ్యాల డబ్బీ తీసిండు.
టిక్కు.
రెండోది ఒత్తలే. వేలు దాని మీదనే ఉన్నది.
మునుగోడు బస్సోడు హారన్ కొట్టవట్టె,
పాలు పొంగవట్టె, నేనిటు తిరిగిన.

మళ్ళ చూసేసరికి గ్లాసు ఖాళీ.
"ఎట్లున్నది?" అన్న.

తువ్వాలతోని మూతి తుడుసుకున్నడు.
"వేడిగున్నది" అన్నడు.